రాసుకునే చోటు

గాజువాక ఆటోనగర్లో
పొద్దున్న తొమ్మిదికే రేకులు కాలుతున్నాయి.
నల్ల సెడాన్ ఒకటి గేటు దగ్గర ఆగింది.
నాలుగు చక్రాలూ లాగే జాతి,
బదిలీ మీద వెళ్ళిపోతూ ఎవరో నేవీ ఆఫీసరు
సగం ధరకి ఒగ్గేసినది.
దిగింది మాత్రం వాసుపల్లి నూకరత్నం,
కంటైనర్ టెర్మినల్లో క్రేన్ నడుపుతుంది.
ఓడ పొట్టలోకి ఇనప పెట్టెల్ని
అగ్గిపెట్టెల్లా దించే చేతులు
డిక్కీ తెరిచి, వెనక తలుపు తెరిచి
నాలుగు అల్లాయ్ వీల్స్ చూపించాయి.
పంతొమ్మిది అంగుళాలు.
బండికున్నవి పదహారు.

"పడతాయా పోలారావన్నా?"

పడతాయా అని అడిగితే
ఈ వీధిలో ఎవడూ లేదనడు.
పట్టించడమే మా కూడు.
పట్టాక తిరగాల, అదీ సంగతి.

జాకీ ఎత్తాను. పాత చక్రం ఊడి రాదే!
పదేళ్ళుగా ఉప్పుగాలి దాన్ని
హబ్బుకి అతికించి పెట్టింది.
రబ్బరు సుత్తితో నాలుగు పోట్లేస్తే
టక్కుమని వదిలి
ఎర్రటి పొడి నా కాళ్ళ మీద రాల్చింది.
వైరు బ్రష్షు పెట్టి తోమితే
కింద ఇనుము మొహం బయటపడింది.
కొత్త చక్రం నడిమి బెజ్జం మూడు మిల్లీమీటర్లు వదులు,
రింగు వేశాను.
లేకపోతే ఎనభై దాటగానే స్టీరింగుకి చలిజ్వరం.

టైర్ల దగ్గర పేచీ వచ్చింది.
మూడు కొత్తవి ఉన్నాయి, నాలుగోది
డాబాగార్డెన్స్ నుంచి రేపు గాని రాదు.
"సగం అరిగినదేదో ఏసీ అన్నా,
సాయంత్రం భీమిలెళ్ళాల."
వెయ్యనన్నాను.

మామూలు బండయితే వేసేవాణ్ణే.
దీనికి ముందుకీ వెనక్కీ మధ్య
ఒక గేర్ల పెట్టె ఉంటుంది.
ఒక చక్రం గోరంత చిన్నదైనా
చుట్టు చుట్టుకీ ఆ తేడా మోసేది అదే.
పైకేమీ తెలీదు, బండి పరిగెడుతూనే ఉంటుంది.
లోపల నూనె మాడుతుంది.

మా ఇంట్లో ఆ పెట్టె నేను.
అన్నయ్యది స్టీల్ ప్లాంటు షిఫ్టుల లెక్క,
తమ్ముడిది బోటు మీద వేట లెక్క.
ఇరవై ఏళ్ళు వీడి మాట వాడికి, వాడి మాట వీడికి
కొంచెం అరగదీసి అందించాను.
ఇదంతా ఆమెకెందుకు?
"రేపు రా" అన్నాను.

మర్నాడు ఒకే అచ్చులో పోసిన నాలుగూ ఎక్కించి
నేలకి దించాం.
బండి భుజాలు విరుచుకుంది.
నూకరత్నం చుట్టూ తిరిగి చూసింది,
ఏమీ అనలేదు,
చున్నీ కొసతో ఒక స్పోకు మీద నా వేలిముద్ర తుడిచింది.

స్టీరింగు ఎడమకి పూర్తిగా తిప్పించాను.
సర్ర్‌...
ఎక్కడ రాసుకుంటోందో
అక్కడ సుద్దతో రాసుకున్నాను.
(రెంటికీ ఒకటే మాట.
ఆ మాట పెట్టినవాడు మెకానిక్కే అయ్యుంటాడు.)
లోపలి ప్లాస్టిక్కు కోసి
ఫెండరు పెదవికి వేడి పట్టించి
పెయింటు పగలకుండా లోపలికి మడిచాను,
పెసరట్టు మడిచినంత మెల్లగా.

"ఇకమీదట మీటరు అరవై అంటే
నిజంగా అరవై నాలుగు, గుర్తెట్టుకో."

"పైన క్రేన్లోనూ అంతే అన్నా.
గాలి మీటరు ముప్పై అంటాది,
నా కేబిను నలభై ఊగుతాది.
నేను నడుం మాటే ఇంటాను."

బీచ్ రోడ్డు ఎక్కాం.
తెన్నేటి పార్కు దగ్గర మలుపుల్లో
చెవి ఫెండరుకి అప్పగించి కూర్చున్నాను.
కుడిపక్క కెరటాల చప్పుడు,
కింద కొత్త రబ్బరు చప్పుడు,
రెండే.
నూకరత్నం రేడియో పెట్టబోయి మానేసింది.

రుషికొండ దాటాక ఒక స్పీడ్ బ్రేకరు.
వెనక కుడివైపు, ఒక్కసారి, చాలా చిన్నగా
సర్ర్‌.

ఆమె నా మొహం కేసి చూసింది.
నేను జేబులో
సుద్దముక్క కోసం తడుముకుంటున్నాను.